జంపర్ వైరు మీద నడుస్తున్న గూడ్స్ లిఫ్టులు

ఫ్యాక్టరీలో గూడ్స్ లిఫ్ట్ ఆగిపోయిందంటే ముందు వినపడే మాట "డోర్ బాగానే పడింది కదా, ఇంకేమైంది దీనికి" అని. కింద లోడుతో ట్రాలీలు లైన్లో నిలబడి ఉంటాయి, సూపర్‌వైజర్ ఫోన్ మీద ఫోన్ కొడుతుంటాడు, టెక్నీషియన్ వచ్చి లిఫ్ట్‌ని నడిపే కంట్రోల్ ప్యానెల్ తెరిచి రెండు టెర్మినళ్ల మధ్య చిన్న వైరు ముక్క పెడతాడు, లిఫ్ట్ కదులుతుంది, హమ్మయ్య అనుకుని ఎవరి పనికి వాళ్లు పోతారు. ఆ వైరు ముక్క మాత్రం అక్కడే ఉండిపోతుంది. దాన్ని కొందరు జంపర్ అంటారు, కొందరు లూప్ అంటారు, పేరేదైనా అది చేసే పని ఒకటే: తెరిచి ఉన్న డోర్‌ని మూసే ఉందని ప్యానెల్‌ని నమ్మించడం.

ఇలాంటిది బయటపడగానే అందరం టెక్నీషియన్ మీద పడతాం. నాకు మాత్రం తప్పులో సగం ఆ ప్యానెల్ డిజైన్ చేసినవాళ్లదీ, దాన్ని కొన్నవాళ్లదీ అనిపిస్తుంది.

గవర్నర్ స్విచ్ (వేగం మించితే తెగేది), సేఫ్టీ గేర్ స్విచ్ (క్యాబిన్‌ని పట్టాలకి బిగించే పట్టు పడితే తెగేది), పైనా కిందా ఫైనల్ లిమిట్లు (క్యాబిన్ హద్దు దాటితే తెగేవి), కింద పిట్‌లో, అంటే గుంతలో, ఒక స్టాప్ బటన్, క్యాబిన్ పైన ఇంకొకటి, ప్రతి ఫ్లోర్‌లో డోర్ లాకు, క్యాబిన్ డోర్ కాంటాక్టు, ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి సిరీస్‌లో ఉంటాయి, సీరియల్ బల్బుల దండలాగా ఒక్కటి తెగినా మొత్తం ఆరిపోవాలి. దీన్నే సేఫ్టీ చెయిన్ అంటారు. కరెంటు పారుతున్నంతసేపే మోటార్‌కి పవర్ వెళ్తుంది, బ్రేక్ విడిచి ఉంటుంది. బ్రేక్ పట్టేది స్ప్రింగు, కరెంటు పని దాన్ని విడిపించడం వరకే. అందుకే వైరు తెగినా, ఫ్యూజు పోయినా, ఎలుక కొరికినా లిఫ్ట్ ఆగిపోవడమే తప్ప ఇంకో దారి ఉండదు. 1854లో ఎలిషా ఓటిస్ న్యూయార్క్‌లో జనం ముందు ప్లాట్‌ఫామ్ మీద నిలబడి తాడు నరికించుకున్నది కూడా ఈ లెక్క మీదే, తాడులో బిగువు పోగానే స్ప్రింగు విచ్చుకుని పక్కనున్న పళ్లలోకి దిగి పట్టేసింది. బలం పోతే పట్టుకోవాలి, అంతే. వైరింగ్‌లో ఈ లెక్క తప్పిన చోటల్లా ప్రమాదమే.

కానీ సిరీస్‌లో స్విచ్‌లు కలిపేసి పని అయిపోయిందనుకుంటే పొరపాటు, స్విచ్ కూడా సరైనది కావాలి. మామూలు స్విచ్‌లో కాంటాక్టులు అతుక్కుపోతే లోపలి చిన్న స్ప్రింగు వాటిని విడదీయలేకపోవచ్చు. డోర్ తెరిచే బలమే నేరుగా కాంటాక్టుని పీకి విడదీసేలా ఉండాలి, దీన్ని పాజిటివ్ ఓపెనింగ్ అంటారు. ఇంకోటి, డోర్ మూసిందని తెలిస్తే చాలదు, లాకు పడిందని తెలియాలి. లిఫ్టుల సేఫ్టీకి యూరప్ స్టాండర్డ్ ఈఎన్ 81-20 ప్రకారం లాకు కనీసం 7 మిల్లీమీటర్లు లోపలికి దిగాకే క్యాబిన్ కదలాలి. ఫోర్క్‌లిఫ్ట్ రోజుకి పదిసార్లు గుద్దే గూడ్స్ డోర్ దగ్గర ఈ 7 మిల్లీమీటర్లు నిలబెట్టడం ఎంత కష్టమో మెయింటెనెన్స్ వాళ్లకే తెలుసు, జంపర్ కథ మొదలయ్యేది చాలాసార్లు ఇక్కడే.

ఎవరూ పెద్దగా మాట్లాడని విషయం ఎర్త్. నా దృష్టిలో వైరింగ్ మొత్తంలో అసలు తెలివంతా ఇందులోనే ఉంది. సేఫ్టీ చెయిన్‌కి కరెంటిచ్చే కంట్రోల్ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే రెండు కొసల్లో ఒకదాన్ని ఎర్త్ చేసి, కాంటాక్టర్‌ని (మోటార్‌కి పవర్ కలిపే, తెంచే పెద్ద స్విచ్) లాగే కాయిల్‌ని ఆ ఎర్త్ వైపు పెట్టి, స్విచ్‌లన్నీ ఫ్యూజు ఉన్న రెండో వైపు పెట్టారనుకోండి. షాఫ్ట్‌లో, అంటే లిఫ్ట్ తిరిగే దారిలో, ఎక్కడో వైరు తోలు ఊడి ఇనుముకి తగిలితే ఫ్యూజు ఎగిరిపోతుంది, లిఫ్ట్ ఆగుతుంది. అదే తిరగేసి కాయిల్ ఫ్యూజు వైపు, స్విచ్‌లు ఎర్త్ వైపు పెడితే? కాయిల్ దాటాక వైరు ఇనుముకి తగలగానే కాయిల్‌కి దగ్గరి దారి దొరుకుతుంది, తర్వాత ఉన్న డోర్ లాకులన్నీ తెరిచి ఉన్నా కాంటాక్టర్ లాగి పట్టుకునే ఉంటుంది. అవే స్విచ్‌లు, అదే కాయిల్, అంతే ఖర్చు, రెండు వైర్లు అటూ ఇటూ అయ్యాయి అంతే. అసలు ఎర్తే చేయకుండా వదిలేస్తే ఇంకో గోల, మొదటి లీకేజీ ఎవరికీ తెలియకుండా కూర్చుంటుంది, రెండోది వచ్చినరోజు ఆ రెండింటి మధ్య ఉన్న స్విచ్‌లన్నీ లేనట్టే. ఫ్యాక్టరీ షాఫ్టుల్లో తేమ, సన్నటి దుమ్ము, నూనె, క్యాబిన్‌కి వేలాడుతూ ఎప్పుడూ ఊగే ట్రావెలింగ్ కేబుల్, వీటి మధ్య ఎర్త్ ఫాల్ట్ ఎప్పుడో ఒకప్పుడు వస్తుందనుకునే వైరింగ్ చేయాలి.

కాంటాక్టర్ల సంగతి కూడా ఇలాంటిదే. మోటార్ కరెంటు ఆపడానికి ఒక్క కాంటాక్టర్ చాలు కదా అంటారు, అది వెల్డ్ అయ్యి అతుక్కుపోతే? అందుకే మామూలుగా రెండు విడివిడి కాంటాక్టర్లు అడుగుతారు, ఒకటి విడవకపోతే మళ్లీ స్టార్ట్ కాకుండా ఆపాలి, మరీ ఆలస్యమైతే దిశ మారేటప్పుడైనా పట్టేయాలి. మోటార్ వేగాన్ని నడిపే ఇప్పటి డ్రైవుల్లో ఎస్‌టీఓ (సేఫ్ టార్క్ ఆఫ్, మోటార్‌కి తిరిగే బలం అందకుండా ఆపేది) అనే ఫంక్షన్ ఈ కాంటాక్టర్ల పని చేయగలదు, దానికి సిల్ 3 (సేఫ్టీ ఎంత నమ్మదగ్గదో చెప్పే కొలత) స్థాయి ఉండాలని ఈఎన్ 81-20 అంటుంది. డ్రైవులో ఉత్తి ఎనేబుల్ టెర్మినల్ (నడువు, ఆగు అని సిగ్నల్ తీసుకునేది) ఉంటే అదే ఎస్‌టీఓ అనుకుని వైరు వేసేసేవాళ్లు ఉన్నారు, రెండూ ఒకటి కాదండీ.

గూడ్స్ లిఫ్ట్‌లో ఎక్కువగా ఉండే తలనొప్పి రీ-లెవెలింగ్. ఫోర్క్‌లిఫ్ట్ క్యాబిన్‌లో లోడు పెట్టగానే తాళ్లు సాగి క్యాబిన్ కొంచెం కిందకి కుంగుతుంది, దాన్ని మళ్లీ ఫ్లోర్‌కి సరిచేయాలంటే డోర్ తెరిచి ఉండగానే క్యాబిన్ కదలాలి, అంటే డోర్ కాంటాక్టులని కాసేపు ప్యానెలే బైపాస్ చేయాలి. ఫ్లోర్ దగ్గరున్న అన్‌లాకింగ్ జోన్ (డోర్ లాకు తీయనిచ్చే హద్దు) దాటి ఈ బైపాస్ పనిచేయకూడదు, వేగం సెకనుకి 0.3 మీటర్లు మించకూడదు. ఈ పనికి ఒక మామూలు రిలే పెట్టారనుకోండి, అది అతుక్కున్న రోజు తెరిచిన డోర్‌తో లిఫ్ట్ వెళ్లిపోతుంది, మనిషి సగం లోపల సగం బయట. పైగా అమెరికా కోడ్ ఏఎస్‌ఎమ్‌ఈ ఏ17.1లో ఫోర్క్‌లిఫ్ట్ లోడింగ్‌కి వేరే క్లాసులే ఉన్నాయి, సీ2 అనే క్లాసులో లోడింగ్ జరిగేటప్పుడు ప్లాట్‌ఫామ్ మీద బరువు రేటెడ్ లోడులో 150 శాతం దాకా పోవచ్చని ఒప్పుకుంటారు, అది తెలియకుండా పాసింజర్ లిఫ్ట్ లెక్కలో బ్రేక్ ఎంచుకుంటే ఇక చెప్పేదేముంది.

ఇక పీఎల్‌సీ, అంటే మెషిన్లని ప్రోగ్రామ్‌తో నడిపే చిన్న కంప్యూటర్. ఫ్యాక్టరీ వాళ్లకి పీఎల్‌సీ అంటే ప్రేమ, ఎందుకంటే అన్ని మెషిన్లూ దాని మీదే నడుస్తాయి, లిఫ్ట్ కూడా అలాగే చేసేద్దాం అంటారు. కాల్స్, ఫ్లోర్ లెక్క, డిస్‌ప్లే, డోర్ టైమింగ్, చేసుకోండి ఎవరొద్దన్నారు. కానీ డోర్ లాకుని మామూలు ఇన్‌పుట్ కార్డులోకి తెచ్చి, మూసి ఉంటేనే కదులు అని ప్రోగ్రామ్‌లో ఒక లైన్ రాసి దాన్ని సేఫ్టీ అంటే నేనొప్పుకోను. మోటార్‌ని నడిపే పీఎల్‌సీ అవుట్‌పుట్ లోపల షార్ట్ అయితే ప్రోగ్రామ్ ఏం చేస్తుంది, చూస్తూ కూర్చుంటుంది. సేఫ్టీ కోసమే తయారై సర్టిఫికెట్ ఉన్న ఎలక్ట్రానిక్స్ వేరు, వాటికి స్టాండర్డ్స్‌లో చోటుంది. మామూలు పీఎల్‌సీ మాత్రం చెయిన్‌ని చూసి ఎక్కడ తెగిందో చెప్పాలి, దాని బదులు నిర్ణయం తీసుకోకూడదు.

ఆ "ఎక్కడ తెగిందో చెప్పాలి" అన్నదే మళ్లీ జంపర్ దగ్గరకి తెస్తుంది. ఎనిమిది ఫ్లోర్ల లాకులు ఒకే సిరీస్‌లో, ప్యానెల్‌లో ఒకే ఒక్క లైటు ఉంటే, ఏ లాకు దగ్గర తెగిందో తెలుసుకోవాలంటే టెక్నీషియన్‌కి ఒక్కొక్కటీ జంప్ చేసి చూడటం తప్ప ఇంకేం దారుంది? వైరు ముక్క అతని జేబులోకి మనమే పెట్టినట్టు. 2014లో వచ్చిన ఈఎన్ 81-20 ఈ నిజాన్ని ఒప్పుకుంది, అందుకే నాకది నచ్చుతుంది. డోర్ బైపాస్‌కి ప్యానెల్‌లోనే ఒక స్విచ్ గానీ ప్లగ్ గానీ పెట్టమంది, అది వేస్తే నార్మల్ రన్ బందు, మెయింటెనెన్స్ వాళ్లు నెమ్మదిగా నడిపే ఇన్‌స్పెక్షన్ మోడ్‌లోనే కదలాలి, కదిలేటప్పుడు క్యాబిన్ దగ్గర శబ్దం రావాలి, కింద లైటు వెలుగుతూ ఆరుతూ ఉండాలి. అంటే బైపాస్ చేసుకో, కానీ దాంతో లోడు మొయ్యలేవు అని. డోర్ తెరిచి ఉన్నా కాంటాక్టు మూసే ఉన్నట్టు కనిపిస్తే కంట్రోలర్ దాన్ని పట్టుకుని రన్ ఆపాలి అని కూడా చేర్చింది, అక్కడితో మర్చిపోయిన జంపర్ ఆటోమేటిగ్గా దొరికిపోతుంది.

పాత గూడ్స్ లిఫ్ట్ ప్యానెల్ మారుస్తున్నారంటే కొటేషన్‌లో ఈ బైపాస్ స్విచ్, డోర్ కాంటాక్టుని కనిపెట్టే ఈ ఏర్పాటు, రెండూ ఉన్నాయో లేదో చూడండి, టచ్ స్క్రీన్ తర్వాత చూసుకోవచ్చు. అప్పగించే రోజు లిఫ్ట్ పైకీ కిందకీ తిప్పి చూపించి సంతకం అడుగుతారు. అప్పుడే చేయొద్దు. క్యాబిన్‌లో ఎవరూ లేకుండా చూసి, ఒక్కో లాకు వైరూ ఊడదీయించి ఆగుతుందా చూడండి, తర్వాత చెయిన్ మధ్యలో ఒకచోట వాళ్లతోనే ఎర్త్‌కి తగిలించి ఫ్యూజు పోతుందా చూడండి, ఒక కాంటాక్టర్‌ని విడవకుండా లాగి పట్టుకున్నట్టే ఉంచి మళ్లీ స్టార్ట్ అవుతుందా చూడండి. సగం రోజు పడుతుంది, వాళ్లు విసుక్కుంటారు కూడా.