సినిమా చివర్లో తీరాల్సిన బాకీ

పాత సినిమాల్లో ఆఖరి షాట్ ఎలా ఉండేదో అందరికీ తెలిసిందే. విలన్ మారిపోతాడు లేదా జైలుకెళ్తాడు, ఇంటిల్లిపాదీ ఒకచోట చేరతారు, కమెడియన్ ఏదో ఒక మాట అంటాడు, అందరూ గొల్లున నవ్వుతారు, ఆ నవ్వు మీద శుభం కార్డు పడుతుంది. ఆ నవ్వు అయ్యేలోపే హాల్లో సగం మంది లేచి సైకిల్ స్టాండ్ దారి పట్టేవాళ్ళు. అలాంటి ముగింపులు మనం వందల్లో చూసుంటాం కానీ ఫలానా సినిమాది ఫలానా ముగింపు అని విడిగా ఒక్కటీ గుర్తురాదు. అదే జనం కొన్ని సినిమాలకి మాత్రం లైట్లు వేసినా కుర్చీలోంచి లేవరు, నలభై ఏళ్ళ తర్వాత అడిగినా ఆ చివరి అయిదు నిమిషాలు పూసగుచ్చినట్టు చెప్తారు. ఎందుకలా?

ఏడిపిస్తే గుర్తుంటుంది అంటారు చాలామంది. ఈ తరం వాళ్ళయితే ట్విస్ట్ ఉండాలి అంటారు. నేను రెండూ ఒప్పుకోను. హీరోయో హీరోయినో చచ్చిపోయే సినిమాలు మనకి లెక్కలేనన్ని వచ్చాయి, అందులో గుర్తున్నవి ఎన్ని? ఇక ట్విస్ట్ సంగతంటారా, తెలిశాక అది ఇంక ట్విస్ట్ కాదు కదా, మరి తెలిసిపోయాక కూడా ఆ సినిమా మళ్ళీ చూస్తున్నాం అంటే మనల్ని పట్టుకున్నది ఇంకేదో ఉండాలి.

1953లో వచ్చిన దేవదాసునే తీసుకోండి. శరత్ నవల అప్పటికే తెలుగువాళ్ళకి బాగా తెలుసు, దేవదాసు చివరికి ఏమవుతాడో తెలియకుండా హాలుకెళ్ళినవాళ్ళు తక్కువే ఉండుంటారు. అయినా ఆ చివరి సీన్ దగ్గర గొంతు పట్టేస్తుంది. పోయేలోపు ఒక్కసారి నీ గుమ్మానికి వస్తానని దేవదాసు పార్వతికి మాటిచ్చాడు. ఆ మాట కోసమే ఊపిరి బిగబట్టుకుని బండిలో వచ్చాడు, వచ్చి ఆ ఇంటి బయటే పడిపోయాడు. లోపల్నుంచి పార్వతి పరిగెత్తుకొస్తుంటే ఆమె చేరేలోపు గేటు మూసేస్తారు. అక్కడ మనల్ని కుదిపేసేది చావొక్కటే కాదు, ఎప్పుడో పడిన బాకీ తీర్చడానికి ఒక మనిషి అంత దూరం వచ్చాడు, పుచ్చుకోవాల్సిన మనిషి గేటుకి ఇవతలే ఉండిపోయింది. నాగేశ్వరరావు, సావిత్రి గొప్పగా చేశారు, నిజమే, కానీ ఆ మాట ముందు పడకపోయి ఉంటే ఆ గేటు వట్టి గేటే.

నేను చెప్పదల్చుకున్నది ఇదే. ముగింపు బలం ముగింపులో ఉండదు, ఎక్కడో మొదటి గంటలో కథ ఒక బాకీ పడుతుంది, అది మనకి తెలిసో తెలియకో మనసులో ఉండిపోతుంది, ఆఖర్న అది తీరే పద్ధతిని బట్టే సినిమా మనతో ఇంటిదాకా వస్తుందా లేదా అన్నది తేలుతుంది.

దీనికి నాకు తెలిసినంతలో తెలుగులో అన్నిటికంటే పెద్ద ఉదాహరణ సాగర సంగమం, 1983. కథ ఎక్కడ మొదలవుతుందో గుర్తు చేసుకోండి. బాలు పేపర్లో డాన్స్ క్రిటిక్, తాగుడుకి బానిస, శైలజ చేసిన నాట్యం తప్పని రాస్తాడు, గొడవవుతుంది. ఆ శైలజ, బాలు ఒకప్పుడు ప్రేమించిన మాధవి కూతురని తర్వాత బయటపడుతుంది. చివరికొచ్చేసరికి అదే శైలజ స్టేజీ మీద బాలు నేర్పిన నాట్యం చేస్తుంటే, బాలు వీల్ చైర్లో కూర్చుని చూస్తూ చూస్తూ ప్రాణం వదిలేస్తాడు. ప్రోగ్రాం ఆగకూడదని స్నేహితుడు రఘు ఎవరికీ తెలియనివ్వకుండా అతన్ని బయటికి తీసుకెళ్ళిపోతాడు. తప్పు పట్టినవాడే నేర్పించి వెళ్ళాడు, తను ఎక్కాల్సిన స్టేజీ మీద తన విద్య ఆడుతోంది, ఇది ఒక బాకీ.

కానీ ఇంకోటి ఉంది, అది చాలామంది గమనించి కూడా పైకి చెప్పరు. తకిట తధిమి పాటలో బాలు తాగి బావి గట్టు మీద చిందులేస్తుంటాడు, ఏ క్షణం లోపల పడతాడో తెలీదు. అప్పుడు మాధవి వస్తుంది. భర్త పోయిన మనిషి, ఆ సంగతి బాలుకి తెలియకూడదని నుదుట కుంకుమ పెట్టుకుని వస్తుంది. వాన మొదలవుతుంది. ఆ కుంకుమ ఎక్కడ కరిగిపోతుందో అని బాలు తన అరచెయ్యి ఆమె నుదుటికి అడ్డం పెడతాడు. ఒక్క డైలాగ్ లేదు. ఇప్పుడు ఆఖరి సీన్‌కి రండి, బయట మళ్ళీ వానే, ఈసారి బాలు తడవకుండా మాధవి అడ్డం ఉంటుంది. విశ్వనాథ్ గారు దాన్ని అండర్‌లైన్ చెయ్యలేదు, ఫ్లాష్ కట్ వేసి గుర్తు చెయ్యలేదు, మనకే వదిలేశారు. ఆ చెయ్యి, ఈ వాన కలిసి మనలో ఎక్కడో కలుక్కుమంటాయి, ఎందుకో చెప్పమంటే వెంటనే చెప్పలేం. కళకి అంతం లేదని తెర మీద పడుతుంది కానీ, నా మటుకు నాకు ఆ సినిమా ఆ వానలోనే పూర్తయిపోతుంది.

శంకరాభరణం కూడా అంతే, శంకరశాస్త్రి కచేరీ మధ్యలో కూలబడితే ఆగిపోయిన పాటని తులసి కొడుకు అందుకుంటాడు. ఊరంతా వెలివేసినట్టు చూసిన మనిషి కొడుకు అందుకున్నాడు కాబట్టి అది అంత పట్టుకుంది, ఎవరో ఒక శిష్యుడు అందుకుని ఉంటే మామూలు సీనే అయ్యేది.

అయితే బాకీ తీరడమంటే చావు చూపించడమే కాదు. గీతాంజలిలో (1989) హీరో హీరోయిన్లిద్దరికీ ఎక్కువ రోజులు లేవని మనకి ముందే తెలుసు, ఏ క్షణం ఎవరు పోతారో అని బిక్కుబిక్కుమంటూ చూస్తాం, తీరా రైల్వే స్టేషన్‌లో ఇద్దరూ కలుసుకున్న దగ్గర మణిరత్నం ఆపేస్తాడు. కొందరు ఇది తప్పించుకోవడం అంటారు, నాకలా అనిపించదు. రేపటి గురించి ఏడవద్దనేగా ఆ పిల్ల సినిమా అంతా చెప్పింది, మరి సినిమా ఆ మాట మీద నిలబడాలిగా.

ట్విస్ట్ గురించి తేలిగ్గా మాట్లాడాను కాబట్టి కేరాఫ్ కంచరపాలెం (2018) గురించి చెప్పాలి. వైజాగ్‌లోని ఆ పేట మనుషులతోనే, ఎక్కువమంది కొత్తవాళ్ళతో వెంకటేష్ మహా తీశాడు. నాలుగు ప్రేమకథలు పక్కపక్కనే నడుస్తాయి. స్కూల్లో సుందరం, సునీత. కుర్రాడు జోసెఫ్, భార్గవి. వైన్ షాపులో పనిచేసే గడ్డం, కళ్ళు తప్ప ముఖం కనపడని సలీమా. యాభై దగ్గర పడినా పెళ్ళికాని అటెండర్ రాజు, ఒడిశా నుంచి వచ్చిన ఆఫీసర్ రాధ. చివర్లో తెలుస్తుంది, నలుగురు మగాళ్ళూ ఒక్కడే, రాజే. వినడానికి ట్విస్టే. కానీ మొదట్నుంచీ పేటలో జనం రాజుని పెళ్ళి కాలేదని ఆటపట్టిస్తూ ఉంటారు, మనం కూడా పాపం ఈయనకి జీవితంలో ఏమీ జరగలేదేమో అని వాళ్ళతో పాటే అనుకుంటాం, జాలిపడతాం. ఆఖర్న ఒక్కసారి ఆ మూడు కథలూ, ఆ మూడు పోగొట్టుకోవడాలూ ఈయన మీదకొచ్చి వాలతాయి. ఇంత మోసిన మనిషినా మనం ఇలా చూసింది అనిపిస్తుంది. ఇక్కడ బాకీ పడింది ప్రేక్షకుడు. అందుకే ట్విస్ట్ తెలిసాక రెండోసారి చూస్తే ఇంకా ఎక్కువ బాధేస్తుంది, ఆటపట్టించే సీన్లలో నవ్వు రాదు.

ఇప్పుడు అసలు నా బాధ ఏంటంటే, ఈ మధ్య మన పెద్ద సినిమాలు ముగియడం మానేశాయి. తర్వాతి భాగానికి లీడ్ ఇచ్చి ఆపేస్తున్నాయి. దీనికి అందరూ బాహుబలిని చూపిస్తారు, 2015 జూలైలో కట్టప్ప ఎందుకు చంపాడో చెప్పకుండా పంపించి 2017 ఏప్రిల్ దాకా కూర్చోబెట్టారు కదా అని. కానీ ఆ ప్రశ్న ఊరికే అతికించింది కాదు. అంతకుముందే ఆ కట్టప్ప శివుడి ముఖం చూసి మోకాళ్ళ మీద పడి అతని పాదం తన తల మీద పెట్టుకోవడం చూశాం, అంత విశ్వాసం ఉన్న మనిషే నేనే చంపానంటే నమ్మబుద్ధి కాదు, అందుకే రెండేళ్ళు దేశమంతా అడిగింది. తర్వాత వచ్చినవాళ్ళు చాలామంది రాజమౌళి దగ్గర ఆపడం ఒక్కటే నేర్చుకున్నారు, ఆ పాదం దగ్గరి పని నేర్చుకోలేదు.

పుష్ప రెండో భాగం (2024 డిసెంబర్) చూసినప్పుడు నాకు నిజంగా మనసు చివుక్కుమంది. మొదటి భాగం మొదట్నుంచీ పుష్పరాజ్‌కున్న పెద్ద గాయం ఎర్రచందనం కాదు, ఇంటిపేరు. బళ్ళో ఇంటిపేరు చెప్పనివ్వలేదు, నిశ్చితార్థంలో సవతి అన్న వచ్చి పరువు తీశాడు. సుకుమార్ రెండు సినిమాల పాటు ఆ బాకీని ఓపిగ్గా మోసుకొచ్చి, చివరికి అన్న నోటితోనే ఒప్పించి, అన్న కూతురి పెళ్ళికి పుష్పని సొంత మనిషిలా పిలిపించాడు. అల్లు అర్జున్ అక్కడ చేసింది చూడండి, అంత పొగరుమోతు స్మగ్లర్ చిన్నపిల్లాడిలా అయిపోతాడు. కథ అక్కడ అయిపోయింది. కానీ మూడో భాగం కావాలి కాబట్టి అదే పెళ్ళిలో బాంబు పేలుతుంది, రిమోట్ నొక్కిందెవరో చెప్పరు. హాల్లోంచి బయటికొస్తున్న జనం ఆ బాంబు ఎవరు పెట్టారనే మాట్లాడుకున్నారు, ఇంటిపేరు గురించి ఎవరూ మాట్లాడలేదు. రెండు సినిమాల కష్టం ఆ ఒక్క షాట్‌తో పక్కకి పోయింది.

మూడో భాగం తీయొద్దని నేననను, తీయండి, జనం చూస్తారు, నేనూ చూస్తాను. ఆ బాంబుని మూడో భాగం మొదటి సీన్‌గా పెట్టుకోవచ్చు, అప్పుడు కూడా అంతే పెద్దగా పేలుతుంది. ఈ సినిమాని మాత్రం ఆ పెళ్ళి పందిట్లో, అన్నదమ్ముల దగ్గర వదిలేయాల్సింది.