కౌలుకు తెచ్చుకున్న జట్టు

హైదరాబాద్ ఎఫ్‌సీ మాట ఎక్కడ వచ్చినా ఒకటే డైలాగు వినిపిస్తుంది. "మనవాళ్ళకి క్రికెట్ తప్ప ఇంకేం పట్టదు, ఇక్కడ ఫుట్‌బాల్ జట్టు ఎలా బతుకుతుంది?" 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయ్యాక ఈ మాట మరీ ఎక్కువైంది. ముందే చెప్పాం కదా అని ఒకరు, జనమే రాకపోతే ఎవరు మాత్రం ఏం చేస్తారు అని ఇంకొకరు. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. ఆ క్లబ్బు ఆరు సీజన్లలో ఏం జరిగిందో వరసగా చూడండి. తప్పంతా ఊరి మీదికి నెట్టడానికి సందు ఎక్కడ దొరుకుతుందో నాకూ చెప్పండి.

అసలు పుట్టుకే హడావుడి. పుణె సిటీ క్లబ్బు డబ్బు ఇబ్బందుల్లో మూతపడింది. దేశంలో పెద్ద ఫుట్‌బాల్ లీగ్ అయిన ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్)లో దాని స్థానం ఖాళీ అయింది. ఆ హక్కులు విజయ్ మద్దూరి, వరుణ్ త్రిపురనేని కలిసి తీసుకున్నారు. హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది 2019 ఆగస్టు 27న, మొదటి మ్యాచ్ అక్టోబర్ 25న. రెండు నెలలు కూడా లేవు! ఈలోపు ఆటగాళ్ళు, జెర్సీ, స్టేడియం, టికెట్లు, అభిమానులు అన్నీ సిద్ధం కావాలి. దాంతో పుణె సామానే చాలావరకు ఇక్కడికి వచ్చింది. మార్సెలీనియో, మార్కో స్టాంకోవిచ్, ఆదిల్ ఖాన్, గోల్‌కీపర్ కమల్‌జీత్ సింగ్ అందరూ అక్కడివాళ్ళే. కోచ్ ఫిల్ బ్రౌన్ కూడా అంతే. మన ఊరు కనిపించింది లోగోలో. చార్మినార్ ఆనవాలు, కోహినూర్ వజ్రం. ఈ నేల మీద దొరికి ఇంకెవరి సొత్తో అయిపోయిన వజ్రాన్ని ఏరికోరి లోగోలో పెట్టుకున్నారు, ఏమంటాం!

మొదటి మ్యాచ్ కోల్‌కతాలో అక్కడి జట్టు ఏటీకే మీద. 5-0తో చిత్తు. రెండోది జంషెడ్‌పూర్‌లో, అదీ పోయింది. నవంబర్ 2న గచ్చిబౌలిలో తొలి సొంత మ్యాచ్, ఎదురుగా కేరళ బ్లాస్టర్స్. అక్కడి బాలయోగి స్టేడియంలో కూర్చున్నవాళ్ళకు తెలుసు, అది అథ్లెటిక్స్ కోసం కట్టినది. గ్రౌండ్ చుట్టూ రన్నింగ్ ట్రాక్, దాని అవతల ఎక్కడో మనం. అటువైపు గోల్ దగ్గర ఏం జరుగుతోందో మెడ సాగదీసి చూడాలి. కేరళ తరఫున రాహుల్ కేపీ ముందు గోల్ కొట్టాడు. సెకండ్ హాఫ్‌లో స్టాంకోవిచ్ పెనాల్టీతో సమం చేశాడు. 81వ నిమిషంలో మార్సెలీనియో ఫ్రీకిక్ తీసుకున్నాడు, బంతి నేరుగా నెట్‌లో. 2-1. ఆ సీజన్ మొత్తంలో గచ్చిబౌలి చూసిన గెలుపు అదొక్కటే. రెండో గెలుపు కోసం చివరి మ్యాచ్ దాకా ఆగాల్సి వచ్చింది, అది గువాహటిలో నార్త్‌ఈస్ట్ మీద. 18 మ్యాచుల్లో 10 పాయింట్లు, పది జట్లలో పదో స్థానం. ఫిల్ బ్రౌన్‌ను జనవరిలోనే పంపించేశారు.

కొత్త జట్టు ఆఖరున నిలవడం పెద్ద నేరమేమీ కాదు. రెండు నెలల్లో కట్టిన జట్టు ఇంకెలా ఆడుతుంది? నా గొడవ ఆ ఓటముల గురించి కాదు, తర్వాత జరిగిన దాని గురించి.

తర్వాతి సీజన్‌కు ఆల్బర్ట్ రోకా కోచ్ అన్నారు. 2020 ఆగస్టులో బార్సిలోనా పిలిస్తే ఆయన అటు వెళ్ళిపోయారు. బార్సిలోనా పిలిస్తే ఎవరు మాత్రం ఆగుతారు లెండి. ఆయన బదులు వచ్చినవాడు మనోలో మార్కెజ్, మన అదృష్టం. అప్పటికి ఇక్కడ పెద్దగా ఎవరికీ తెలియని స్పెయిన్ కోచ్. పేరున్నవాళ్ళ వెంట పడకుండా ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, లిస్టన్ కొలాసో లాంటి కుర్రాళ్ళను నమ్ముకున్నాడు. ఆ సీజన్‌లో వరసగా 12 మ్యాచులు ఓడలేదు. చివరి మ్యాచ్‌లో గోవాను ఓడిస్తే ప్లేఆఫ్ ఖాయం, అది 0-0తో డ్రా అయి ఐదో స్థానంతో సరిపెట్టుకున్నారు. ఏడాది క్రితం అట్టడుగున ఉన్న జట్టు ఇది!

కానీ అది కోవిడ్ కాలం. లీగ్ మొత్తం గోవాలోనే, ఖాళీ స్టేడియాల్లో, బయో బబుల్‌లో. ఆ తర్వాతి సీజన్ కూడా గోవాలోనే. 2021-22లో మన స్ట్రైకర్ ఓగ్బెచే 18 గోల్స్ కొట్టి, అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టినవాడికిచ్చే గోల్డెన్ బూట్ గెలిచాడు, జట్టు లీగ్‌లో రెండో స్థానంలో నిలిచింది. సెమీస్‌లో ఏటీకే మోహన్ బగాన్‌ను దాటి ఫైనల్‌కు వెళ్ళింది. 2022 మార్చి 20, గోవాలోని ఫటోర్డా స్టేడియం, మళ్ళీ అదే కేరళ బ్లాస్టర్స్.

ఆ ఫైనల్‌కు ప్రేక్షకులను అనుమతించారు. రెండు జట్ల రంగూ పసుపే కాబట్టి ఒకరు మార్చుకోక తప్పలేదు. పసుపు జెర్సీ మనవాళ్ళకు దక్కింది, కేరళ ఆటగాళ్ళు నలుపు వేసుకున్నారు. స్టాండ్స్‌లో పసుపు మాత్రం అంతా కేరళదే. 68వ నిమిషంలో రాహుల్ కేపీయే గోల్ కొట్టాడు, గచ్చిబౌలిలో కొట్టినవాడే. ఇక అయిపోయిందనుకున్నాక 88వ నిమిషంలో సబ్‌స్టిట్యూట్‌గా దిగిన సాహిల్ తవోరా బాక్స్ బయటి నుంచి ఒక్క దెబ్బ కొట్టాడు, స్కోరు 1-1. పెనాల్టీ షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు షాట్లు ఆపాడు. 3-1తో కప్పు హైదరాబాద్ పేరున పడింది. పుట్టిన మూడో సీజన్‌కే. దేశంలో ఎన్ని క్లబ్బులు అలా చేయగలిగాయి?

ఇప్పుడు ఊరి వైపు నుంచి చూడండి. తన పేరున్న జట్టు ఛాంపియన్ అవుతుంటే ఈ ఊరు దాన్ని ఒక్కసారి కూడా కళ్ళారా చూడలేదు. గచ్చిబౌలికి ఐఎస్ఎల్ తిరిగొచ్చింది 2022 అక్టోబర్‌లోనే. ఆ సీజన్‌లోనూ లీగ్‌లో రెండో స్థానం, సెమీస్‌లో మోహన్ బగాన్ చేతిలో పెనాల్టీల్లో ఓటమి. ఆ తర్వాత మనోలో ఎఫ్‌సీ గోవా జట్టుకు వెళ్ళిపోయాడు. 2023-24లో జీతాల గొడవలు, కొత్త ఆటగాళ్ళను తీసుకోకుండా ఫిఫా ట్రాన్స్‌ఫర్ నిషేధం, విదేశీ ఆటగాళ్ళు ఒక్కొక్కరే సర్దుకుని పోవడం. కోచ్ థాంగ్‌బోయ్ సింగ్టో చేతికి కుర్రాళ్ళను ఇచ్చి ఆడమన్నారు. సీజన్ మొత్తానికి ఒక్క గెలుపు, 8 పాయింట్లు. ఆ పిల్లల్ని నేను ఒక్క మాట అనను, జీతం వస్తుందో రాదో తెలియని జట్టులో మ్యాచ్ మ్యాచ్‌కీ దిగారు. తర్వాత క్లబ్బును బీసీ జిందాల్ గ్రూప్ కొనుక్కుంది. ఒక సీజన్ ఇక్కడ నడిపారు, ఆ తర్వాత ఢిల్లీ.

లెక్క సింపుల్. ఆరు సీజన్లు. ఊళ్ళో ఆడింది నాలుగు. అందులో మొదటిది అట్టడుగు, ఒకటి జీతాల్లేని సీజన్, చివరిది అమ్మకం అయ్యాక నడిచిన సీజన్. అంటే నగరం కళ్ళముందు ఈ జట్టు బాగా ఆడింది ఒకే ఒక్క సీజన్. అయినా డెక్కన్ లెజియన్ అనే అభిమానుల గుంపు ఒకటి తయారైంది, డ్రమ్ములు పట్టుకుని వచ్చింది, ఓడుతున్న రోజుల్లోనూ వచ్చింది. వీళ్ళనా మీరు "జనం రాలేదు" అనేది?

ఇంకో మాట అంటారు, ఇక్కడ ఫుట్‌బాల్ కల్చర్ లేదని. నవ్వాలో ఏడవాలో తెలియదు. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు ఆ రోజుల్లో పెద్ద టోర్నీ అయిన రోవర్స్ కప్ గెలిచింది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. దాని కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్, అందరికీ రహీమ్ సాబ్. ఎడమ కాలు వీకైతే ఆ కాలితోనే ఆడాలని రూల్ పెట్టి కుర్రాళ్ళకు టోర్నీలు నడిపిన మనిషి. భారత జట్టుకు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం, రెండూ ఆయన కోచింగ్‌లోనే. సికింద్రాబాద్ అమ్ముగూడ నుంచి వెళ్ళిన తులసీదాస్ బలరామ్ రెండు జట్లలోనూ ఉన్నాడు. బలరామ్ పేరు ఎక్కువ మోగింది మాత్రం కోల్‌కతాలో, ఈస్ట్ బెంగాల్ జెర్సీలో. మన దగ్గర పోలీసు ఉద్యోగంతో నడిచే జట్టు ఉండేది, తరతరాలు నిలిచే పెద్ద క్లబ్బు లేదు. బలరామ్ 2023 ఫిబ్రవరిలో కోల్‌కతాలోనే కన్నుమూశారు. ఆ వారం ఐఎస్ఎల్ పట్టికలో హైదరాబాద్ పైవరసలోనే ఉంది.

2022 ఫైనల్‌కు దిగిన జట్టులో ఒక్క తెలుగు కుర్రాడు లేడు. ఆడినవాళ్ళ తప్పు కాదది, వాళ్ళు మనకు కప్పు తెచ్చారు. కానీ రహీమ్ సాబ్ ఊళ్ళో పెట్టిన క్లబ్బు, అమ్ముగూడ, బొల్లారం మైదానాల్లో పిల్లల్ని వెతకడమే మొదటి పనిగా పెట్టుకుని ఉంటే, అమ్మేటప్పుడు కనీసం వంద కుటుంబాలైనా గేటు ముందు నిలబడేవి. ఫ్రాంచైజీ అంటే కౌలు వ్యవహారం, భూమి యజమానిది, పంట మీద మమకారం మాత్రం మనది. కౌలు కాగితం చిరిగిన రోజు మనల్ని అడిగేవాడు ఉండడు.

బెంగళూరు ఎఫ్‌సీ కూడా కొత్త జట్టే, కార్పొరేట్ జట్టే. 2013లో పుట్టి తొలి సీజన్‌లోనే అప్పటి జాతీయ లీగ్ అయిన ఐ-లీగ్ గెలిచింది. ఐటీ ఉద్యోగులు, ట్రాఫిక్, క్రికెట్ పిచ్చి, ఇవన్నీ అక్కడా ఉన్నాయి. కానీ ఆ జట్టు సొంత ఊళ్ళో, సొంత జనం ముందు ఆడుతూ పెరిగింది. యజమానీ మారలేదు, ఊరూ మారలేదు. వాళ్ళ అభిమానుల గుంపు వెస్ట్ బ్లాక్ బ్లూస్ ఏళ్ళ తరబడి అదే స్టాండ్‌లో కూర్చోగలిగారు. అమెరికాలో కొలంబస్ క్రూ యజమాని జట్టును టెక్సాస్‌కు తీసుకుపోతానంటే అభిమానులు రోడ్డెక్కారు, ఒహాయో రాష్ట్ర చట్టం పట్టుకుని కోర్టు దాకా కథ నడిచింది, చివరికి జట్టు అక్కడే ఉండిపోయింది. మనకు ఏ చట్టం ఉంది? జట్టు పోయిందని మనం తెలుసుకున్నది వార్తల్లో చదివి.

2024 సెప్టెంబర్‌లో మనోలో మళ్ళీ గచ్చిబౌలికి వచ్చాడు, భారత జట్టు కోచ్‌గా. తొలి మ్యాచ్ మారిషస్‌తో 0-0. ఆ ఏడాది చివర్లో రాష్ట్రాల జట్లు తలపడే సంతోష్ ట్రోఫీ ఫైనల్ కూడా ఇక్కడే జరిగింది. అంటే మ్యాచులు పెట్టడానికి ఊరు పనికొస్తుంది, జట్టును ఉంచడానికి పనికిరాదట.

రేపు ఇంకెవరో లైసెన్స్ కొనుక్కుని హైదరాబాద్ పేరుతో కొత్త జెర్సీ ఆవిష్కరిస్తారు, ఫొటోలు దిగుతారు. టికెట్ కొంటాను, అందులో డౌట్ లేదు. కానీ ముందు మూడు ప్రశ్నలు అడుగుతాను. అకాడమీ ఏ బస్తీలో పెడుతున్నారు? జీతాలకు బ్యాంకు గ్యారంటీ ఎంత? పేరు, రంగులు, లోగో ఊరికి వదిలేస్తామని రాతపూర్వకంగా ఇస్తారా? మూడోదానికి జవాబు రాకపోతే ఆ ప్రెస్ మీట్ ఫొటో దయచేసి నాకు ట్యాగ్ చేయకండి.