పోస్టర్ నేర్పని పాఠం

కాన్పయిన మూడో రోజు అర్ధరాత్రి. గంట కిందటే పాలు తాగిన బిడ్డ మళ్లీ ఏడుస్తోంది. ‘పాలు పడలేదేమో, డబ్బా పాలు పట్టిద్దాం’ అంటారు పక్కనున్నవాళ్లు. వాళ్లలో దురుద్దేశమేమీ ఉండదు. కానీ బాలింతకు తన మీద తనకున్న కాస్త నమ్మకమూ ఆ మాటతో సడలిపోతుంది. అనుకున్నదానికంటే ముందే పాలు మాన్పించిన తల్లులను అడిగితే, ఎక్కువగా వినిపించే కారణం ‘చాలడం లేదు’ అన్నదే. నిజంగానే పాలు తక్కువగా ఉండేవారు కొందరు ఉంటారు. చాలామందికి మాత్రం పాలు సరిపడానే ఉంటాయి. సరిపోతున్నాయని ఎలా తెలుసుకోవాలో ఎవరూ చెప్పి ఉండరు.

తల్లిపాలు అమృతమని ఏటా ఆగస్టు 1 నుంచి 7 దాకా వారోత్సవాల్లో వింటూనే ఉంటాం. ఆ సంగతి తెలియని తల్లి ఇప్పుడు అరుదు. ఎలా పట్టాలో నేర్పకుండా గొప్పదనమే చెబుతూ పోతే, కుదరనప్పుడు ఆమెకు మిగిలేది టెన్షన్, తప్పు చేస్తున్నానన్న బాధ.

నేర్పాల్సినవి చిన్న విషయాలే. మొదటి రోజుల్లో వచ్చే ముర్రుపాలు చెంచాల లెక్కే, బిడ్డ పొట్టకు అవి చాలు. పాలు బాగా పడటానికి రెండు నుంచి నాలుగు రోజులు పడుతుంది. 24 గంటల్లో 8 నుంచి 12 సార్లు తాగడం మామూలే. మొదట్లో బిడ్డ బరువు కొంత తగ్గి, సాధారణంగా రెండు వారాల్లోపు మళ్లీ పుంజుకుంటుంది. అయిదో రోజు నుంచి రోజుకు ఆరుసార్లయినా మూత్రం పోస్తుంటే పాలు అందుతున్నట్టే. బిడ్డ చనుమొననే కాక, చుట్టూ ఉన్న నల్లని భాగాన్ని కూడా నోటినిండా పట్టుకోవాలి. నొప్పి తగ్గకుండా ఉంటే సాధారణంగా పట్టు కుదరలేదని అర్థం. అన్నిటికంటే ముఖ్యం, బిడ్డ తాగేకొద్దీ పాలు ఊరతాయి. భయపడి పోతపాలు మొదలుపెడితే బిడ్డ రొమ్ము దగ్గర తాగేది తగ్గుతుంది, పాలూ తగ్గుతాయి. లేని కొరతను అలా మనమే తెచ్చిపెడతాం.

‘నేను చేయగలను’ అన్న నమ్మకం ఎక్కడినుంచి వస్తుందో మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లోనే వివరించారు. తాను చేసి గెలవడం, తనలాంటివాళ్లు చేస్తుంటే చూడటం, నమ్మేవాళ్లు వెన్నుతట్టడం, ఒంట్లో మనసులో నెమ్మది ఉండటం. ఆ ఆలోచన ఆధారంగానే 1999లో పాలిచ్చే తల్లుల ఆత్మవిశ్వాసాన్ని కొలిచే ప్రశ్నావళి వచ్చింది. ఈ నాలుగింటిలో కరపత్రం ఇవ్వగలిగింది దాదాపు ఏమీ లేదు. అందుకే గర్భిణిగా ఉన్నప్పుడే తరగతి పెట్టి బొమ్మతో సాధన చేయించాలి, పాలిస్తున్న మరో తల్లిని పక్కన కూర్చోబెట్టాలి, కాన్పయ్యాక నర్సు ఒక్కసారైనా మొదటినుంచి చివరిదాకా దగ్గరుండి చూడాలి. ఆ తరగతికి భర్త, అమ్మమ్మ, నాయనమ్మ కూడా రావాలి. అర్ధరాత్రి సలహా ఇచ్చేది వాళ్లే కదా!

ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 1991లో మొదలుపెట్టిన శిశు స్నేహపూర్వక ఆస్పత్రుల కార్యక్రమంలో, తల్లిపాలు సాఫీగా సాగేందుకు ఆస్పత్రులు పాటించాల్సిన పది మెట్లున్నాయి. పదోది, ఇంటికెళ్లాక కూడా తల్లికి సాయం అందేలా చూడటం. మా దృష్టిలో అన్నిటికంటే నిర్లక్ష్యానికి గురవుతున్నది ఇదే. పాలు పడే రోజుకు చాలామంది ఆస్పత్రి నుంచి ఇంటికి వెళ్లిపోయి ఉంటారు. బిడ్డ మత్తుగా పడి ఉన్నా, మూత్రం తగ్గినా, బరువు పెరగకపోయినా ఆలస్యం చేయకుండా చూపించాలని వెళ్లేముందే చెప్పాలి. డాక్టరు పోతపాలు పట్టమంటే అది తల్లి ఓటమి కాదనీ చెప్పాలి. ఇంటికి పంపే కాగితాల్లో, ఆ అర్ధరాత్రి చేయడానికి ఒక ఫోన్ నంబరు ఉండాలి. ఎత్తేవాళ్లూ ఉండాలి.