బోర్డర్‌లో ఉందండీ

ఇక్కడ అమెరికాలో మన పాట్‌లక్‌లో, అదే తలా ఒక వంట తెచ్చే విందులో, స్వీట్ల టేబుల్ దగ్గర కాసేపు నిలబడితే చాలు, ఎవరో ఒకరు "నాకు షుగర్ బోర్డర్‌లో ఉందండీ" అంటూనే సగం బొబ్బట్టు ప్లేట్లో వేసుకుంటారు. ఎంత ఉందీ అని అడగండి, తెలీదు. ఇంటి లోన్ వడ్డీ అయితే పాయింట్ తర్వాత మూడంకెలు చెప్తారు, మూడు నెలల సగటు షుగర్ చెప్పే ఏ1సీ టెస్ట్ దగ్గరకొచ్చేసరికి "ఆరేదో అన్నాడండీ". ఆరేదో అంటే 6.1 కావచ్చు, 6.8 కావచ్చు, రెండూ ఒకటి కాదు. 5.7 నుంచి 6.4 దాకా ప్రీడయాబెటిస్, అంటే డయాబెటిస్‌కి ముందు మెట్టు, 6.5 వచ్చి, మళ్ళీ చేసినా అలాగే వస్తే అది డయాబెటిసే, బోర్డర్ ఎప్పుడో దాటేసి అవతల ఇల్లు కూడా కొనేసుకున్నట్టు.

ఇంకో ధీమా, నేను లావుగా లేను కదా అని. నాదీ అదే. 5 అడుగుల 8 అంగుళాలు, 160 పౌండ్లు, బీఎంఐ, అంటే ఎత్తుని బట్టి బరువు లెక్క, 24 చిల్లర, క్లినిక్ గోడ మీద చార్టు ప్రకారం నార్మల్, ఎందుకంటే ఆ చార్టుకి ఓవర్‌వెయిట్ 25 నుంచి. కానీ ఆసియా మూలాలున్నవాళ్ళకి 23 నుంచే టెస్ట్ సంగతి చూడాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015లోనే చెప్పింది. 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక ఫొటో వచ్చింది, పుణె డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యడ్‌కిన్ పక్కపక్కన, ఇద్దరికీ బీఎంఐ 22.3, ఒంట్లో కొవ్వు మాత్రం యడ్‌కిన్‌కి 9.1 శాతం, మనాయనకి 21.2. కాళ్ళూ చేతులూ సన్నం, కొవ్వంతా లోపల, మన ఇళ్ళల్లో సగంమంది ఇంతే కదా. అందుకే టేప్ పెట్టి నడుము కొలుచుకోండి, మనకి హద్దు మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80. ప్యాంట్ సైజు చెప్పకండి, ప్యాంట్ మనం పొట్ట కిందే కడతాం.

మన హెల్త్ క్యాంపులు కూడా ఇంతే, పులిహోర తిన్నాక వేలికి సూది గుచ్చి ఒక నంబర్ చెప్పి పంపించేస్తాం, దాన్నిబట్టి ఏం అర్థం చేసుకోవాలో చెప్పేవాళ్ళుండరు. నేనూ ఆ టేబుల్ వెనక కూర్చున్నవాణ్ణే లెండి.

నాకు బుద్ధొచ్చింది మా అమ్మ వల్ల. ఊరి నుంచి వస్తూ ఆర్నెల్లకి సరిపడా షుగర్ మాత్రలు సూట్‌కేసులో తెచ్చుకుంది, పేర్లు అడిగితే "తెల్లది పొద్దున, పసుపుది రాత్రి". పదిహేనేళ్ళుగా షుగర్, మందు పేరు మాత్రం ఎవరూ చెప్పలేదు, తనూ అడగలేదు. కార్తీక సోమవారం ఉపవాసం, మాత్ర మానకూడదన్నారని మాత్ర వేసుకుంది. మధ్యాహ్నానికి చెమటలు, చేతులు వణుకు, ఉపవాసం కదా నీరసంలేరా అంటోంది, మీటర్ పెడితే షుగర్ 58కి పడిపోయింది. గబగబా జ్యూస్ తాగించాం. తర్వాత చూస్తే ఆ తెల్ల మాత్రలో మెట్‌ఫార్మిన్‌తో పాటు గ్లిమెపిరైడ్ కూడా ఉంది, అది తిన్నా తినకపోయినా ఇన్సులిన్ వదిలిస్తూనే ఉంటుంది, మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే ఇలా పడిపోవడం అరుదు. ఊళ్ళో డాక్టర్‌కి ఫోన్ చేస్తే ఉపవాసం ఉంటే ముందే చెప్పాలి కదమ్మా అన్నాడు. "మీరు అడగలేదు కదండీ" అంది అమ్మ.

ఇప్పుడు ఆ డబ్బా మీద స్కెచ్ పెన్నుతో అమ్మే రాసుకుంది, "ఇది తిన్న రోజే".