బ్యాట్‌మ్యాన్ వేషానికి ఇంటిపేరు తప్పనిసరి

తెలుగు జాతి ముందు ప్రస్తుతం ఒకే ఒక్క తీవ్రమైన సమస్య ఉంది. మన భాషలో బ్యాట్‌మ్యాన్ తీస్తే ఆ వేషం ఎవరికివ్వాలి? ఉద్యోగాలూ సాగునీళ్ళూ తర్వాత చూసుకోవచ్చు. మేధావులంతా నిద్ర మానుకుని ఫోన్లలో పోస్టర్లు తయారుచేస్తున్నారు. హీరో మొహం కోసి, ఎవడో కండల వీరుడి ఒంటికి అతికించి, పొట్ట మీద ఆరు పలకలకు బదులు ఏఐ ఎనిమిది పెట్టినా సర్దుకుపోయి, కింద ‘కన్ఫర్మ్‌డ్’ అని రాసి వదులుతున్నారు. ఎవరు కన్ఫర్మ్ చేశారని అడక్కూడదు. అడిగినవాడు అవతలి హీరో ఫ్యాన్.

నాకు పోస్టర్ల మీద కోపం లేదు (సరే, కొంచెం ఉంది). నా బాధల్లా వాటిలోని మొహాల గురించే. ఎన్ని తిరగేసినా అవే నాలుగైదు సినిమా కుటుంబాల ఇంటిపేర్లు.

ఆలోచిస్తే అదీ న్యాయంగానే ఉంది. సూపర్‌మ్యాన్ ఎవరు? పుట్టగానే నాన్నగారు ప్రత్యేక వాహనం ఎక్కించి లాంచ్ చేసిన అబ్బాయి. బ్యాట్‌మ్యాన్‌కి ఒంట్లో ఏ శక్తీ లేదు, కానీ ఆస్తి ఉంది, బంగళా ఉంది, చెప్పినదానికల్లా తలూపే నమ్మకస్తుడైన నౌకరున్నాడు. థోర్ తండ్రి సాక్షాత్తూ రాజు, సుత్తి కూడా ఇంట్లోదే. ఇలాంటి పాత్రలకి మన దగ్గర నటుల కొరతేమిటి? చిక్కంతా స్పైడర్‌మ్యాన్ దగ్గర వస్తుంది. తల్లీ తండ్రీ లేక పెద్దమ్మ ఇంట్లో పెరిగిన కుర్రాడు, ఫొటోకింత అని పత్రికకి అమ్ముకుంటాడు, ఎడిటరు చేత చీవాట్లు తింటాడు, అద్దె టైముకి కట్టలేడు. ఈ పాత్రలో జీవిస్తున్నవాళ్ళు, హైదరాబాదులో వేషాల కోసం వచ్చినవాళ్ళు తలదాచుకునే కృష్ణానగర్‌లో, గదికి నలుగురు చొప్పున దొరుకుతారు. పోస్టర్లో మాత్రం ఒక్కడూ కనపడడు.

ఆ స్పైడర్‌మ్యాన్ హక్కులు మన నిర్మాతకే దక్కాయనుకోండి. ఫిల్మ్‌నగర్‌లో కథా చర్చలు. డైరెక్టరు గొంతు సవరించుకుని, “సార్, ఓపెనింగ్‌లో హీరోని ఒక సాలీడు కుడుతుంది” అన్నాడు.

గదిలో ఎవరూ కదల్లేదు. కాసేపటికి మేనేజరు, “బాబుగారినా?” అన్నాడు.

“అవునండీ.”

“సాలీడా?”

“అవునండీ.”

“ఫ్యాన్స్ థియేటర్ ఉంచుతారా? పోనీ పులి చెయ్యండి.”

“పులి కరిస్తే కథ అక్కడే అయిపోతుందండీ.”

మాటల రచయితకి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. “బాబుగారే సాలీడుని కరిస్తే?”

“శక్తి సాలీడుకి వస్తుంది కదా?”

“రానీండి. పార్ట్ టూ దాని మీద తీద్దాం.”

నిర్మాతగారికి నచ్చింది గానీ బడ్జెట్ గుర్తొచ్చింది. చివరికి మధ్యేమార్గం కుదిరింది. అది మామూలు సాలీడు కాదు. దాని పూర్వీకుణ్ణి ఒకప్పుడు బాబుగారి తాతగారు కాపాడారు. ఆ వంశం రుణం తీర్చుకోడానికి వచ్చి, కుట్టకుండా, బాబుగారి పాదాల దగ్గర వాలి శక్తి సమర్పించుకుంటుంది. వెనక తాతగారి ఫొటో, స్లో మోషన్, శ్లోకం. మేనేజరు కళ్ళు తుడుచుకున్నాడు.

తర్వాత చర్చ మాస్కు దగ్గర ఆగింది. “మొహం మూసేస్తే నేనిన్ని కోట్లు ఇచ్చింది దేనికయ్యా?” అని నిర్మాత. నిజమే, ఆయన డబ్బు పోసి కొన్నదే ఆ మొహం. చూపు, గడ్డం, హెయిర్ స్టైలు కనపడేటట్టు అద్దంలాంటి మాస్కు కుట్టించాలని తేల్చారు. హీరో ఎవరో ఊళ్ళో అందరికీ తెలిసిపోదూ అని అసిస్టెంటు ఒకడు అడిగాడు. వాణ్ణి టీ తెమ్మని పంపించారు. పెద్దమ్మ పాత్రకి బాబుగారికన్నా ఆరేళ్ళు చిన్నావిడని ఖాయం చేశారు. హీరోయిన్‌కి మూడు పాటలు.

ఎవరు వెయ్యాలో అభిమానులకే బాగా తెలుసని ఒక వాదన ఉంది. తెలుసు, ఎందుకు తెలియదు! 1988లో మైకేల్ కీటన్‌ని బ్యాట్‌మ్యాన్‌గా తీసుకున్నారని తెలిసి అమెరికా అభిమానులు అతను వద్దంటూ స్టూడియోకి 50 వేల దాకా ఉత్తరాలు రాశారంటారు. ఏడాది తిరక్కుండా ఆ సినిమా విరగబడి ఆడింది. ఫెంటాస్టిక్ ఫోర్ అనే సూపర్ హీరోల జట్టుకి నాయకుడు రీడ్ రిచర్డ్స్‌గా నటుడు జాన్ క్రాసిన్‌స్కీయే కావాలని ఏళ్ళ తరబడి గోలపెట్టారు. 2022లో ఆ సినిమాలు తీసే మార్వెల్ వాళ్ళు సరేనని ఆయన్ని వేరే సినిమాలోకి తెచ్చి, నాలుగు మాటలు చెప్పించి, పేలికలు పేలికలుగా చీల్చి పంపించేశారు. 2025లో ఆ వేషం పెడ్రో పాస్కల్ వేశాడు. 1999లో టీవీలో చిన్న వేషాలతో మొదలుపెట్టి, హోటళ్ళలో వడ్డన పని కూడా చేసి, 2014లో గానీ జనం కంట్లో పడని మనిషి.

మన దగ్గర అలాంటివాడు హిట్టు కొడితే ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న ఏమిటో మీకు తెలుసు. “రాత్రికి రాత్రే స్టారైపోయారు, ఎలా అనిపిస్తోందండీ?” పాపం ఆ కుర్రాడు నవ్వుతాడు. పక్కనున్న పీఆర్‌వో నవ్వమన్నాడు కాబట్టి.

ఏ రాత్రమ్మా అది? తేజ సజ్జా 1998లో పసివాడుగా తెర మీదికొచ్చాడు, హను-మాన్ విడుదలైంది 2024లో. నవీన్ పొలిశెట్టి 2012లో ఓ చిన్న వేషం వేసి, హీరోగా తెలుగు తెర మీదికొచ్చేసరికి 2019. రవితేజ అసిస్టెంట్ డైరెక్టరుగా చాకిరీ చేస్తూ గుంపులో వేషాలు వేసుకుంటూ పోతే, ‘ఇడియట్’ 2002లో వచ్చింది. నాని బాపుగారి దగ్గర క్లాప్ కొట్టాడు. ఇవి గట్టెక్కినవాళ్ళ లెక్కలు. గట్టెక్కనివాళ్ళ మాటేమిటి? ఫొటోలు ఇచ్చి, “చెప్తాంలే” అనిపించుకుని, ఫోన్ మోగితే స్నానం మధ్యలో పరిగెత్తుకొచ్చి, ఇంటికి ఫోన్ చేసి షూటింగ్‌లో ఉన్నానని అబద్ధం చెప్పి, ముప్ఫై దాటాక “ఫ్రెండ్ క్యారెక్టర్‌కి కూడా ముదిరిపోయావు” అని వినేవాడి యవ్వనమంతా ఒక్క థంబ్‌నెయిల్ కోసం నొక్కేస్తారా? సిగ్గుండక్కర్లేదూ? ఒక్క చేదు ప్రశ్నా అడక్కుండా వారసుడి మొదటి సినిమాకి ‘కష్టపడి ఎదిగిన’ అని రాసే చేతులే ఇవి. జిమ్‌లో పడ్డ కష్టం అయ్యుంటుంది.

క్షమించాలి, బ్యాట్‌మ్యాన్ గురించి కదా మాట్లాడుకుంటున్నాం. ఒక చిన్న సాంకేతిక విషయం. సూపర్ హీరో డ్రెస్సు వేసి మొహం మూశాక లోపలున్నది ఎవరు? రోపు కట్టుకుని బిల్డింగు మీంచి దూకేది, అద్దాలు పగలగొట్టుకుంటూ వచ్చిపడేది, ప్యాడింగు జారిపోతే భుజం కమిలేది చాలాసార్లు డూపు. స్వయంగా దూకే హీరోలూ ఉన్నారు, కాదనను. మిగతావాళ్ళు క్లోజప్‌కి వచ్చి, మాస్కు తీసి, జుట్టు సర్దుకుంటారు. కాబట్టి ఈసారి పోస్టరు చేసేవాళ్ళు మూలకి చిన్నదిగానైనా ఆ ఫైటర్ ఫొటో కూడా పెట్టండి. పలకలు అతికించే శ్రమ మీకుండదు, ఆయనకి నిజంగానే ఉన్నాయి.