మంచుకు నిలిచిన బోర్డుకు విశాఖ ఎండ ఒక లెక్కా? లెక్కే

డాబా మీద చెక్కనేల వేయించుకునే సరదా విశాఖలో బాగానే పెరిగింది. రుషికొండ వైపు విల్లాల్లో, ఎంవీపీ కాలనీ అపార్ట్‌మెంట్ల పై అంతస్తుల్లో డబ్ల్యూపీసీ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన బోర్డు) డెక్‌లు కనిపిస్తున్నాయి. వాటితోపాటే ఒక సందేశం ఫోన్ నుంచి ఫోన్‌కి తిరుగుతోంది. క్లుప్తంగా దాని మాటలివి: కెనడాలో మైనస్ 30 డిగ్రీల మంచుకే చెక్కుచెదరని బోర్డు ఇది, మన ఎండ ఒక లెక్కా, సందు లేకుండా బిగిస్తే దుమ్ము చేరదు, నీళ్లు, నాచు, చెదలు, నిప్పు ఏవీ అంటవు, చదరపు అడుగుకు 250 రూపాయలు, 200 అడుగుల డాబా 50 వేలతో అయిపోతుంది, 25 ఏళ్ల వారెంటీ, ఇక అటు చూడక్కర్లేదు.

అన్నీ అబద్ధాలే అయితే ఎవరూ నమ్మేవారు కాదు. ప్రతి మాటలోనూ కాస్త నిజం ఉంది, చిక్కంతా అక్కడే.

"మైనస్ 30కే చెక్కుచెదరలేదు"

నిజమే, మంచి బోర్డయితే నిలుస్తుంది. కానీ చలి పెట్టే పరీక్ష వేరు, ఎండ పెట్టే పరీక్ష వేరు. ఈ బోర్డులో సగానికి అటూఇటూగా చెక్కపొడి ఉంటుంది, మిగతాది చాలావరకు ప్లాస్టిక్. చలిదేశంలో దానికి శత్రువు గడ్డకట్టే నీరు. చెక్కపొడి పీల్చుకున్న తేమ గడ్డకట్టినప్పుడు 9 శాతం దాకా ఉబ్బుతుంది, కరుగుతుంది, మళ్లీ ఉబ్బుతుంది. అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం డి7032లో బోర్డును నానబెట్టి, గడ్డకట్టించి, కరిగించి బలం కొలిచే పరీక్ష పెట్టింది అందుకే. అదే ప్రమాణంలో అతినీలలోహిత కిరణాల పరీక్ష, వేడికి బలం ఎంత తగ్గుతుందనే పరీక్ష, బరువుకు వంగి మళ్లీ ఎంత లేస్తుందనే పరీక్ష కూడా ఉన్నాయి. విశాఖలో కొనేవాళ్లు అడగాల్సిన కాగితాలు ఈ మూడూ. మన ఊళ్లో నీరు గడ్డకట్టేది ఫ్రిజ్‌లోనే.

కొడుకో కూతురో చలిదేశంలో ఉండి, ఈ సందేశం వాళ్లకూ పంపాలనుకునేవాళ్లకు ఒక్కమాట. అక్కడ డబ్బు పోయేది బోర్డుకన్నా ముందు పునాదికి. మిన్నెసోటాలో డెక్ స్తంభాల పునాది దక్షిణ భాగంలో 42 అంగుళాలు, ఉత్తరాన 60 అంగుళాల లోతు వెళ్లాలి. తక్కువ తవ్వితే నేల గడ్డకట్టి స్తంభాన్ని పైకి నెట్టేస్తుంది, వసంతం వచ్చేసరికి డెక్ ఒక మూల లేచి కూర్చుంటుంది. పేరుకునే మంచు బరువును కూడా ఫ్రేమ్ లెక్కలో వేసుకోవాలి. మంచు తీయడానికి ప్లాస్టిక్ పారే వాడాలి, ఇనుప పార పైపొరను గీరేస్తుంది. తగ్గింపు ధర వస్తుందని గడ్డకట్టే చలిలో బిగిస్తే బోర్డు పెళుసెక్కి స్క్రూ దగ్గర చీలుతుంది. ముందే రంధ్రం వేసుకుని, కొసల దగ్గర సందు ఎక్కువ వదలాలి. మన డాబాకు స్లాబు ఉంది కనుక పునాది బాధ లేదు. ఆ డబ్బు మనకు ఇంకోచోట ఖర్చవుతుంది, అది కింద చెబుతాం.

మన శత్రువు వేడి. మే నెల మధ్యాహ్నం ముదురు గోధుమరంగు బోర్డు మీద 60 డిగ్రీలు దాటడం మామూలే. వడియాలు పెట్టడానికి వట్టికాళ్లతో డాబా ఎక్కే ఇళ్లు మనవి. షోరూమ్ ఏసీలో ముదురు రంగు ముచ్చటేస్తుంది. నమూనా ముక్కలు రెండు, ఒకటి ముదురుది, ఒకటి లేతది, ఇంటికి తెచ్చుకుని ఏప్రిల్‌లో మధ్యాహ్నం రెండింటి దాకా డాబా మీద ఉంచి, వాటి మీద నిలబడి చూడండి. రంగు సంగతి కాలే చెబుతుంది. ఎదురుగా అద్దాల భవనం ఉంటే ఇంకో చిక్కుంది. వేడిని తిప్పికొట్టే పూత ఉన్న అద్దం ఎండను ఒకేచోట కుమ్మరిస్తే బోర్డు అక్కడ మెత్తబడి వంకర తిరుగుతుంది. ఆ అద్దం మీద పడే ఎండకు అడ్డు కట్టాలి. బోర్డు మార్చినంత మాత్రాన పని జరగదు.

"సందు లేకుండా బిగించండి"

సందేశం మొత్తంలో ఎక్కువ నష్టం చేసే మాట ఇది. టేకు చెక్క పొడవు వేడికి మారేది అతి తక్కువ, అందుకే వడ్రంగికి ఈ లెక్క అలవాటుండదు. డబ్ల్యూపీసీ బోర్డు ఒక డిగ్రీకి మీటరుకు సుమారు 0.05 మి.మీ. సాగుతుంది. తయారీదారుని బట్టి ఇది కాస్త అటూఇటూ ఉంటుంది, వాళ్ల కాగితంలో చూసుకోండి. మన దగ్గర ఎక్కువగా దొరికే బోర్డు 2.9 మీటర్లు. జనవరి ఉదయం బోర్డు 20 డిగ్రీల్లో ఉండగా బిగించారనుకుందాం. మేలో అది 60కి వెళ్తుంది. 40 డిగ్రీల తేడాకు 2.9ని 0.05తో గుణిస్తే 5.8 మి.మీ. రెండు బోర్డుల కొసలు కలిసేచోట 6 మి.మీ. సందు లేకపోతే అవి ఒకదాన్నొకటి తన్నుకుని మధ్యలో పైకి లేస్తాయి. అదే పని మే మధ్యాహ్నం బోర్డు కాలుతుండగా చేస్తే సందు ఒకటి రెండు మి.మీ. చాలు, చలికాలంలో అదే విచ్చుకుంటుంది. కాబట్టి సందు ఎంత అన్నది ఆ పూట బోర్డు వేడిని బట్టి తేలాలి, మేస్త్రీ అలవాటును బట్టి కాదు.

గోడ పక్కన 10 మి.మీ. వదలాలి. పక్కపక్క బోర్డుల మధ్య, వాటిని ఫ్రేముకు పట్టి ఉంచే క్లిప్పే 5 మి.మీ. దాకా ఉంచుతుంది, దాన్ని సుత్తితో కొట్టి బిగించకూడదు. ప్రతి బోర్డునూ సరిగ్గా నడుమ ఒక్క స్క్రూతో కదలకుండా పట్టాలి, మిగతావన్నీ జారే క్లిప్పులే. అప్పుడు సాగుదల రెండు కొసలకూ సమానంగా పంచుకుంటుంది. ఒక కొస కదలకుండా పట్టేస్తే ఆరు మిల్లీమీటర్లూ రెండో కొసకే వస్తాయి.

దుమ్ము మాటకొస్తే, సందు మూసినా అది చేరుతుంది. పోర్టుకు దగ్గర్లో, వన్‌టౌన్, జ్ఞానాపురం వైపు బొగ్గు ధూళి ఎలా దూరుతుందో అక్కడివాళ్లకు తెలుసు. సందు ఉంటే వాన దాన్ని కిందకు కడిగేస్తుంది.

"నీళ్లు, నాచు, చెదలు, నిప్పు ఏవీ అంటవు"

చెదల సంగతి దాదాపు నిజం. బోర్డును అవి పెద్దగా ముట్టవు, కింద చెక్క ఫ్రేమ్ వేసి ఉంటే మాత్రం దాన్ని తింటాయి. మిగతా మూడూ నిజం కావు.

బోర్డుల్లో రెండు రకాలున్నాయి. ఒకటి లోపలా బయటా ఒకే మిశ్రమం. రెండోది చుట్టూ ప్లాస్టిక్ పొర తొడిగింది. మొదటి రకం తేమ పీలుస్తుంది, తొలి నెలల్లో రంగు వెలుస్తుంది, మొదటి వానలకు గోధుమరంగు నీరు కారుస్తుంది. ఆ నీరు కింది ఇంటి తెల్లగోడ మీదకు దిగితే చుట్టరికాలు చెడతాయి. రెండో రకం ఖరీదెక్కువ, మరకలు తక్కువ. దాన్నయినా కోసినచోట పొర ఉండదు. పూలకుండీల కింద, ఎండ తగలని మూలల్లో జూన్ నుంచి అక్టోబరు దాకా రెండు రకాల మీదా పాకుడు పడుతుంది, ఎందుకంటే అది పెరిగేది బోర్డు మీద నిలిచిన మట్టిలో. సబ్బునీళ్లు, మెత్తని బ్రష్ చాలు, కానీ నెలకోసారి చేయాలి. బోలు బోర్డయితే కొసలకు మూతలు బిగించాలి, లేకపోతే ఆ గొట్టాల్లో నీళ్లు నిలుస్తాయి.

నిప్పు ఎందుకు అంటదు? అందులో ఉన్నవి చెక్క, ప్లాస్టిక్. దీపావళి నాడు కాలిన కాకరపువ్వొత్తి తీగ జారి పడితే సన్నని గీతలా కరిగిన మచ్చ పడుతుంది. పొర తొడిగిన బోర్డును గీకి సరిచేయడం కుదరదు, బోర్డే మార్చాలి. కొన్నప్పుడే రెండు బోర్డులు అదనంగా తీసి ఎండ తగలనిచోట దాచమనేది ఇందుకే. మరుసటి ఏడాది బ్యాచ్ రంగు సరిపోదు.

"200 అడుగులు, 50 వేలు"

ఈ లెక్కలో బోర్డు తప్ప ఇంకేమీ లేదు. పైన పటారం, లోన లొటారం అన్నట్టు అసలు ఖర్చు కంటికి కనిపించని అడుగునే ఉంటుంది.

20 అడుగులు, 10 అడుగుల డాబా తీసుకుందాం. మీటర్లలో 6.1, 3.05. గోడ సందులు పోను 6.08, 3.03. బోర్డు 2.9 మీటర్లు, వెడల్పు 146 మి.మీ. 10 అడుగుల వైపు పరిస్తే 13 సెంటీమీటర్లు చాలదు. 20 అడుగుల వైపు పరిస్తే రెండు బోర్డులకు 28 సెంటీమీటర్లు చాలదు. ఎటు చూసినా అతుకే. దీనికి మంచి ఉపాయం అంచుబోర్డు. పొడుగు వైపులు రెండింటా ఒక్కో బోర్డు అంచులా వేస్తే మధ్యలో మిగిలేది 2.73 మీటర్లు. బోర్డు ఒక్కటే సరిపోతుంది, నడుమ అతుకే రాదు. అప్పుడు 40 వరసలు, అంచులకు 5 బోర్డులు, దాచడానికి 2, మొత్తం 47. వాటి వైశాల్యం 214 చదరపు అడుగులు. అడుగు 250 అనే లెక్కన బోర్డులకే 53,500 దాటింది. ఫ్రేమ్ పని ఇంకా మొదలే కాలేదు.

బోర్డులను మోయడానికి కింద అడ్డంగా వేసే కమ్మీల, అంటే జాయిస్టుల మధ్య దూరం బోలు బోర్డుకు 300 మి.మీ. మించకూడదు, నిండు బోర్డుకు 400 దాకా పర్లేదు. 300 లెక్కన మధ్య భాగానికి 11 వరసలు, అంచుబోర్డులకు ఒక్కో వైపు రెండు, కలిపి 15. ఒక్కోటి 6.08 మీటర్లు, అంటే 91 మీటర్లు. అంచుల్లేకుండా, 400 దూరంతో వేసే కొటేషన్‌లో 9 వరసలు, 55 మీటర్లు. తక్కువ ధర ఎక్కడి నుంచి వచ్చిందో చూశారుగా. బోలు బోర్డు కింద అలా వేస్తే రెండు వేసవులకే పడవలా వంగుతుంది. జాయిస్టు కూడా డబ్ల్యూపీసీదే ఇస్తామంటే, అది నేలకు పూర్తిగా ఆనితేనే పనికొస్తుంది. నేల నుంచి ఎత్తిపట్టే స్టాండ్ల మీద నిలిచే ఫ్రేముకు అల్యూమినియమో, జీఐ (జింక్ పూత వేసిన ఇనుప) గొట్టమో కావాలి. జీఐ కోసినచోట జింక్ పూత పోతుంది, ఆ కొసలకు జింక్ పెయింట్ వేయించాలి.

స్టాండ్లు 600 మి.మీ.కు ఒకటి చొప్పున 150 పైచిలుకు. క్లిప్పులు: 40 వరసల మధ్య 39 సందులు, 11 జాయిస్టులు, అంటే 429. మొదటి, చివరి వరసలకు 22. పోయేవి, విరిగేవి కలుపుకుని 475 తెప్పించుకోవాలి, స్క్రూలూ అన్నే. చలిదేశంలో పునాదికి పోయే డబ్బు మనకు ఈ చిన్న సామానుకు పోతుంది. బీచ్ రోడ్డులో బాల్కనీ గ్రిల్స్‌కు ఏటా రంగు వేయించేవాళ్లకు ఉప్పుగాలి సంగతి చెప్పక్కర్లేదు. సముద్రం ఎదుట 304 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలు క్లిప్పులు, స్క్రూలు కూడా గోధుమరంగు మరకలు కక్కుతాయి. అక్కడ 316 గ్రేడు కావాలి, అందులో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది. అయస్కాంతం అంటుకోలేదు కాబట్టి మంచి స్టీలే అని చూపిస్తే నమ్మొద్దు. చవకైన 202 గ్రేడుకు కూడా అయస్కాంతం పెద్దగా అంటుకోదు. బిల్లు మీద గ్రేడు రాయించుకోవడం, అనుమానముంటే మాలిబ్డినం చుక్కల పరీక్ష చేయించడం దారి.

స్లాబుకు మాత్రం ఒక్క రంధ్రం కూడా వేయనివ్వొద్దు. వాటర్‌ప్రూఫింగ్‌కు చిల్లు పడితే కింది గది పైకప్పు చెమ్మెక్కుతుంది, అప్పుడు ఖర్చు తడిసి మోపెడవుతుంది. డెక్ వేసేముందు డాబా వాటం చూసుకుని, రెండు రోజులు నీళ్లు నిలబెట్టి పరీక్షించాలి. రంధ్రం వేయకపోతే గాలికి లేవదా అంటే, అదీ సరైన ప్రశ్నే. విశాఖకు మన ప్రమాణం ఐఎస్ 875 ఇచ్చే గాలివేగం సెకనుకు 50 మీటర్లు. ఆ గాలి ఒత్తిడి చదరపు మీటరుకు దాదాపు 150 కిలోల బరువుతో సమానం. బోలు బోర్డు డెక్ బరువు పాతిక కిలోలకు అటూఇటూ. సందుల్లోంచి గాలి పైకీ కిందకీ సమానమవుతుంది గనుక అంత ఒత్తిడీ దాని మీద పడదు, కానీ అంచులు లేస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూసిన ఊరికి అంచుల విలువ తెలియాలి. ఫ్రేమ్ చుట్టూ యాంగిల్ వేసి, వాటర్‌ప్రూఫింగ్ గోడెక్కి ఆగినచోటుకు పైన, పిట్టగోడకు బిగించాలి.

నీళ్లు దిగే తూము మీద ఒక మూత కూడా చేయించుకోండి. దాచిన క్లిప్పులతో వేసిన డెక్‌లో మధ్య బోర్డును విప్పాలంటే ఒక అంచు నుంచి వరసగా ఊడదీసుకుంటూ రావాలి. తూము పైనున్న రెండడుగుల ముక్కను విడి ఫ్రేముకు పైస్క్రూలతో బిగిస్తే, తుపాను ముందు పది నిమిషాల్లో ఎత్తి ఆకులు తీసేయొచ్చు.

"25 ఏళ్ల వారెంటీ"

ఇలాంటి వారెంటీలు సాధారణంగా కుళ్లు, చెదలు, పగుళ్ల వంటి తయారీ లోపాలకే. బిగింపు తప్పుకు వర్తించవు, విప్పి మళ్లీ వేసే కూలీ రాదు, ఏళ్లు గడిచేకొద్దీ ఇచ్చే శాతం తగ్గుతుంది. ఇంటికి రాసిన వారెంటీ హోటల్ డాబాకు చాలాసార్లు చెల్లదు. సందు ఎంత వదిలారో, జాయిస్టుల దూరం ఎంతో టేపు పెట్టి ఫొటో తీసి ఉంచుకోండి. బోర్డు అడుగున ముద్రించిన బ్యాచ్ నంబరును కూడా బిగించకముందే ఫొటో తీయండి, ఆ తర్వాత అది కనిపించదు.