దేవుడు కనిపించినవాళ్ళు చెయ్యెత్తండి

దేవుడు ఎవరి లోపల వాళ్ళకే దొరుకుతాడని మన పెద్దలు ఊరికే చెప్పేశారు. ఊరికే చెప్పారు కాబట్టే ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు మొయినాబాద్ దగ్గర ఒక రిసార్టులో శని, ఆదివారాల్లో 12 వేలకు దొరుకుతున్నాడు, జీఎస్టీ అదనం. రసీదు నా దగ్గర భద్రంగా ఉంది. 18 శాతం చొప్పున 2,160 రూపాయలు. అంటే జీవాత్మ పరమాత్మను కలిసినప్పుడల్లా కేంద్రానికీ రాష్ట్రానికీ చెరిసగం ముడుతుందన్నమాట. ఉపనిషత్తులు ఇంత దూరం ఆలోచించలేదు.

నేను వెళ్ళింది మా పిన్నికి తోడుగా. బాబాయి పోయి ఏడాది కాలేదు. అక్కడికెళ్తే మనసు కుదుటపడుతుందని వాళ్ళ అపార్ట్‌మెంట్‌లో ఎవరో చెప్పారు.

హాల్లో మొత్తం 60 మందిమి. ఏసీ, అగరొత్తులు, వరసగా యోగా మ్యాట్లు. చెంపకు మైకు తగిలించుకున్న ఫెసిలిటేటర్ గారు (గురువు అనకూడదట, పాత మాట) మమ్మల్ని వెల్లకిలా పడుకోబెట్టి కళ్ళు మూయించారు. "శ్వాసను గమనించండి. గుండెలో ఒక వెలుగు కనిపిస్తుంది. అదే దేవుడు. పర్సనల్‌గా మీకే." నాకు కనిపించలేదు గానీ పక్కాయన గురక వినిపించింది. మామూలు గురక కాదు. మధ్యలో ఆగి, అనుమానమొచ్చి, మళ్ళీ అందుకునే రకం. ఫెసిలిటేటర్ గారు ఆయన పక్కన కాసేపు నిలబడి, గొంతు తగ్గించి, "చూడండి, ఈయన డీప్ స్టేట్‌లోకి వెళ్ళిపోయారు" అన్నారు. ఆ మాటతో ఇంకో ఇద్దరు గురక అందుకున్నారు.

తర్వాత లెక్కింపు. వెలుగు కనిపించినవాళ్ళు చెయ్యెత్తమంటే ఐదు చేతులు లేచాయి. ఆయన మొహం చిన్నబోయింది. "అహం అడ్డున్నవాళ్ళకి కనిపించదు. ఇంకోసారి అడుగుతాను." ఈసారి 40. "మొహమాటపడకండి." 58. అబద్ధమెందుకు, నేనూ ఎత్తాను. నాకు కనిపించింది ట్యూబ్‌లైటే, కానీ అది వెలుగు కాదని ఎవరనగలరు? డీప్ స్టేట్ ఆయన్ని తట్టిలేపి మరీ ఎత్తించారు. 59. ఆఖర్న ఫారాలు పంచారు: దైవానుభూతికి ఎన్ని స్టార్లు, భోజనానికి ఎన్ని స్టార్లు. భోజనానికి నాలుగిచ్చాను. గుత్తివంకాయ బాగుంది.

చెయ్యెత్తనిది పిన్ని ఒక్కతే.

"ఏం మేడమ్, ఏమీ కనిపించలేదా?"

"కళ్ళు మూసుకుంటే మా ఆయనే కనిపిస్తున్నాడు బాబూ, ఆస్పత్రి మంచం మీద."

ఆయన అందరి ముందూ తల పంకించి, దుఃఖమంటే లో వైబ్రేషన్ అనీ, దాన్ని పట్టుకున్నంతకాలం దేవుడు దగ్గరికి రాడనీ, లెవెల్ టూలో అది క్లియర్ చేస్తామనీ, ఇవాళే కడితే 25 వేలు కాదు, 20 వేలేననీ సెలవిచ్చారు.

ఇక్కడ నాకు వ్యంగ్యం చేతకావడం లేదు. ముప్ఫై ఎనిమిదేళ్ళు కలిసి బతికిన మనిషి కోసం ఏడిస్తే అది లోపమా? ఏడ్చేవాళ్ళ దగ్గరికి రాని దేవుడు ఎవడికి కావాలయ్యా? నీ బేరానికి ఆవిడ కన్నీళ్ళే దొరికాయా?

తిరిగొచ్చే దారిలోనే గోల్కొండ కోట. అందులో రామదాసు బందిఖానా ఇప్పటికీ చూపిస్తారు. తహసీల్దారు కంచర్ల గోపన్న సర్కారు సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించి, తానీషాకు దొరికిపోయి, అక్కడ పన్నెండేళ్ళు మగ్గాడంటారు. ఆయన శ్వాసను గమనించిన దాఖలా లేదు. సీతమ్మ చింతాకు పతకానికి ఎంతయిందో పద్దు చదివి, ఎవడబ్బ సొమ్మని కులుకుతున్నావని రాముణ్ణే నిలదీశాడు. ఆనక, దెబ్బలు ఓర్వలేక తిట్టానయ్యా, బాధపడకు అని బతిమాలాడు. పక్కా లో వైబ్రేషన్. లెవెల్ వన్ కూడా పాసవడు.

పిన్ని లెవెల్ టూ కట్టలేదు. నిన్న పొద్దున్నే వాళ్ళింటికి వెళ్తే, తులసి కుండీ దగ్గర దీపం పెడుతూ ఎవరితోనో గట్టిగా మాట్లాడుతోంది. "ఆ మనిషికి షుగరని నీకు తెలీదూ? ఇంకో నెల్లాళ్ళు ఆగితే నీ సొమ్మేం పోయింది? చిన్నదాని పెళ్ళి చూసుకునేవాడు కదా!"

వాళ్ళిద్దరి మధ్యకి వెళ్తే బాగుండదని మెట్ల మీదే కూచున్నాను.